అమ్మ ఆల్బమ్, అల్లుడి ప్రింటర్

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికిన ప్రతి మగవాడూ తనకు రాని విద్య లోకంలో లేదనుకునే రోజులవి. ఆ జాతిలో మా ఆయన అగ్రగణ్యుడు. చెడిపోయిన మిక్సీ దగ్గర్నుంచి పక్కింటివాళ్ల వాస్తు దాకా అన్నిటికీ ఆయన దగ్గర జవాబుండేది. ఆ ఏడు బోనస్ రాగానే కలర్ ప్రింటర్ కొనుక్కొచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టాడు. ఇంటికొచ్చినవాళ్లకు కాఫీ కంటే ముందు దాన్ని చూపించేవాడు.

అప్పుడు శ్రీనగర్ కాలనీలో అద్దెకుండేవాళ్లం. నాన్న పోయాక అమ్మ తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చేసింది. పెళ్లికి ముందు నాటకాలాడేది. పెళ్లయ్యాక నాన్న మాన్పించారు. ఇక్కడికొచ్చాక ఎవరో తీసుకెళ్తే సినిమాల్లో పెళ్లి సీన్ల గుంపులో నిలబడి అక్షింతలు వేసి వచ్చేది. నోరు విప్పే పని ఎప్పుడూ పడలేదు. అలాంటిది ఒకరోజు, హీరో నానమ్మ వేషానికి మనిషిని వెతుకుతున్నారని, ఫోటోలు తెమ్మన్నారని కబురొచ్చింది.

"మాటలున్నాయిటే," అంది అమ్మ. ఆ ఒక్క ముక్కే నాకు రెండుసార్లు చెప్పింది.

స్టూడియోకి వెళ్దామన్నాను. మా ఆయన నవ్వాడు, చిన్నపిల్లల మాటలకు నవ్వినట్టు. "వాడి రిజల్యూషన్ ఎంత, నాది ఎంత!" అని బాల్కనీలో తనే ఫోటోలు తీశాడు. తనే ప్రింట్లు వేశాడు. బాగా ఆరనివ్వాలని, తడి తగలనివ్వకూడదని కాగితం ప్యాకెట్ మీద రాసే ఉంది. చదివితేగా! ఇంకొకడు రాసింది చదివితే ఆయన పరువేం కావాలి? ఆరీ ఆరకముందే నల్లట్టల ఆల్బమ్‌లో అంటించేశాడు. పైన ప్లాస్టిక్ కవరైనా వేయమంటే, మెరుపు చచ్చిపోతుందన్నాడు.

ఇక సినిమావాళ్ల భక్తి. కథ దేవుడి పాదాల దగ్గర పెట్టనిదే హీరోకి వినిపించరు. బొట్టు పెట్టనిదే కెమెరా తిప్పరు. ఇంతా చేసి సినిమా పోతే, తప్పు హీరోయిన్ కాలిది. గుంపులో నిలబడి నిలబడి అమ్మకు కూడా ఈ పిచ్చి అంటుకుంది. ఫోటోలివ్వడానికి సినిమా ఆఫీసుకు వెళ్లే ముందు ఫిల్మ్ నగర్‌లో గుడికి తీసుకెళ్లమంది. పూజారి ఆల్బమ్ తెరిచి దేవుడి ముందు పెట్టి, తీర్థం చల్లి, మొదటి ఫోటోలో అమ్మ నుదుటికి తడి కుంకుమ పెట్టాడు. అమ్మ దాన్ని కళ్లకద్దుకుని, మూసి, ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది.

ప్రొడక్షన్ ఆఫీసులో అసిస్టెంట్ డైరెక్టర్ ఒకడు కుర్చీలో జారగిలబడి ఉన్నాడు. ఆల్బమ్ తీసుకుని అట్టలు విడదీశాడు. పేజీ పేజీకి అతుక్కుని చిరుగుతూ వచ్చింది. కుంకుమ ముక్కు మీదుగా కారింది. కళ్లు చెంపల్లోకి జారాయి. పెదవులుండాల్సిన చోట నీలం మరక.

"ఏందమ్మా గిది? మొఖమే లేదు గదా!" అన్నాడు.

"మనిషే మీ ఎదురుగా ఉంది కదండీ. ఒక డైలాగు చెప్పించుకుని చూడండి," అన్నాను.

"గట్ల కాదు మేడమ్. డైరెక్టర్ సార్ ఫోటో చూసినంకనే పిలుస్తడు. మంచిగ తీయించుకొని రాండ్రి."

అంటున్నంతసేపూ వాడు అమ్మ వైపు తల తిప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కళ్లముందున్న ముఖాన్ని చూడలేనివాడు సినిమా తీస్తాడట! అమ్మ మాత్రం గొంతు సవరించుకుని సిద్ధంగా కూర్చుంది. వాడు ఆల్బమ్ తిరిగిచ్చేదాకా అలాగే కూర్చుంది.

ఇంట్లో మా ఆయన ఒక్కసారి అయ్యో అనలేదు. "ఇది ఇంక్ ఇష్యూ," అని తేల్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నీళ్లకు కరగని ఇంకు తెచ్చాడు. ఈసారి ప్రింట్లను విడివిడిగా పరిచి ఆరబెట్టాడు. మీద ఏదో స్ప్రే కొట్టాడు. ఆ వాసనకు మా అందరికీ తలనొప్పి. ఎండ తగిలితే రంగు వెలుస్తుందని కిటికీలకు తెరలు కట్టాడు. ఈ పరిశోధన ముగిసేలోపు నానమ్మ వేషం ఇంకెవరికో ఇచ్చేశారని తెలిసింది. ఆ సంగతి చెబితే, "ఉండు, ఇది ఆరనీ," అన్నాడు.

ఆఖరికి ఒక పెద్ద ఫోటోకు అద్దం, ఫ్రేమూ కట్టించి అమ్మను పిలిచాడు.

"చూడండి అత్తయ్యగారూ! ఇక తడి తగిలినా, చేతులు తగిలినా చెక్కుచెదరదు. మీ మనవల కాలం దాకా ఇలాగే ఉంటుంది."

అమ్మ ఫ్రేమును చేతుల్లోకి తీసుకుని, అందులో నవ్వుతున్న తనను చాలాసేపు చూసుకుంది.

"బాగుంది బాబూ. జాగ్రత్తగా దాచండి. నాకు దండ వేసేటప్పుడు పనికొస్తుంది," అంది.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "థాంక్యూ అత్తయ్యగారూ," అన్నాడు.