ఆఖరి స్టేజీ దాటితే ఏముంటుంది

భవానీపురంలో ఉండే మా మేనత్త పోయిన నెల కన్నుమూసింది. ఇలాంటి రాతల్లో ఆవిడ ఓర్పు, ఆవకాయ, దానధర్మాలు రావాలని నాకు తెలుసు. వాటి బదులు ఒక వీడియో గేమ్ పెట్టె గురించి రాయబోతున్నందుకు చదువరులకు, బంధువర్గానికి, నాకు ఇంజనీరింగ్ పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయానికి చేతులు జోడించి, తలవంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. తప్పు మాత్రం పూర్తిగా అత్తయ్యదే.

నేను పుట్టకముందు మాట. పిల్లల చదువులు పాడవుతున్నాయని అత్తయ్య, క్యాసెట్లు పెట్టి ఆడే టీవీ గేమ్‌ను లాక్కుని బీరువాలో పెట్టిందట. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక తానే తీసి ఆడేదట. టోపీ పెట్టుకున్న చిన్న సైనికుడు కుడివైపు పరిగెత్తుతూ గోతులు దూకాలి, అడ్డొచ్చినవాళ్ళని కాల్చాలి. ఆఖరి స్టేజీ దాకా చాలాసార్లు వెళ్ళింది. ఎప్పుడు వెళ్ళినా అక్కడే కరెంటు పోయేది. ఇంట్లో ఇన్వర్టర్ లేక కాదు. మావయ్య దానికి ఫ్యాన్లూ, ఒక ట్యూబ్‌లైటూ మాత్రమే కలిపించాడు. టీవీ కూడా కలిపితే బ్యాటరీ పడుకుంటుందని ఆయన వాదన. చివరికి ఆ పెట్టె పాడై పాత సామాన్లవాడి బండెక్కింది. ఆ స్టేజీ దాటితే ఏముంటుందో అత్తయ్యకి తెలియకుండానే ఉండిపోయింది.

కిందటేడు స్ట్రోక్ వచ్చి ఆవిడ ఎడమచెయ్యి పడిపోయింది. నేనుండే పటమట నుంచి పలకరించడానికి వెళ్ళాను. ఎలా ఉందో నేనడిగేలోపే ఆవిడ అడిగింది.

"ఒరేయ్, ఆ గేమ్ ఇప్పుడెక్కడైనా దొరుకుద్దా?"

నా దగ్గర ఇప్పటి కాలం గేమ్ పెట్టె ఒకటుంది. కంపెనీ వేసిన తాళాలు తీసేసి, పాత పెట్టెల్లా నడుచుకునే ఎమ్యులేటర్ ప్రోగ్రాం అందులో ఎక్కించుకున్నాను. మర్నాడు అది తీసుకెళ్ళి వాళ్ళ టీవీకి తగిలించాను. ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు దాన్ని వెనక్కి తిప్పి చూడటం అత్తయ్య అలవాటు. వెనకవైపు అబద్ధం చెప్పదనేది.

"అయితే ఇది పాతది కాదు."

"కాదత్తయ్యా. పాతదానిలా నటిస్తుందంతే."

"నటిస్తున్నానని దానికి తెలుసా?"

బీటెక్‌లో ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "ఏమో. గేమ్‌కి మాత్రం తెలీదు. ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది" అన్నాను.

"పాపం. చెప్పకులే మరి."

బొమ్మను నడిపే బాణాలు గేమ్ రిమోట్‌కి ఎడమవైపుంటాయి. అత్తయ్యకి మిగిలింది కుడిచెయ్యి. అందుకని సెట్టింగులు మార్చి, ఒకే సైనికుణ్ణి రెండు రిమోట్లకి పంచాను. నడక నాది, దూకడం, కాల్చడం ఆవిడవి. మొదట్లో ప్రతి గోతిలోనూ పడ్డాం.

"ఆగమంటే ఆగవేంరా సన్నాసీ?"

"నువ్వు దూకలేదుగా."

"నువ్వాగితే కదా దూకేది!"

మావయ్య పేపరు చాటునుంచి "మా కాపురమూ ఇలాగే నడిచిందిరా" అన్నాడు.

"ఎవరు నడిచారో, ఎవరు దూకారో కూడా చెప్పండి" అంది అత్తయ్య. ఆయన పేజీ తిప్పాడు.

ఆటను ఎక్కడ ఆపితే అక్కడే దాచుకోవచ్చని చూపించాను. తెరమీద సైనికుడు గాల్లో ఆగిపోయాడు.

"కరెంటు పోయినా?"

"పోయినా ఇక్కడే ఉంటాడు."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళయినా."

వాడివంక కాసేపు చూసి, "కాళ్ళు నొప్పులు పుట్టవూ?" అంది.

వానలు మొదలయ్యేసరికి ఆవిడ గుండె కూడా మొరాయించింది. కాసేపు కూర్చుంటే ఆయాసం. డాక్టరు ఏమన్నాడో మాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. గేమ్ ముగింపు వీడియో ఫోన్లో దొరుకుతుంది, చూపించేస్తానన్నాను.

"చూపించావంటే చెవి మెలేస్తా. నా అంతట నేను చూడాలి."

ఆ తర్వాత రోజుకి కొంచెం కొంచెంగా ఆడాం. ఒక మధ్యాహ్నం శత్రువుల కోట కూలింది. తెర తెల్లబడింది. శుభాకాంక్షలంటూ ఇంగ్లీషులో రెండు ముక్కలు వచ్చి పోయాయి. వెంటనే మొదటి స్టేజీ సంగీతం మొదలైంది. అదే దారి, అవే చెట్లు. ఆట మళ్ళీ మొదటికొచ్చింది.

ఇన్నేళ్ళూ ఆవిడ ఎదురుచూసింది దీనికోసమా అని నాకు ప్రాణం ఉసూరుమంది. "ఇంతేనా?" అన్నాను.

అత్తయ్య దిండు మీంచి ముందుకు వంగింది. "ఇంతేనంటావేంట్రా? సరిగ్గా చూడు. మొదటిసారి వీళ్ళింత జోరుగా రాలేదు. ఆకాశం రంగు కూడా మారింది. ఇంకా అవతల ఏముందో. పద."

ఆవిణ్ణి చివరిదాకా గెలిపించింది నేనేనని పెద్దకర్మకి వచ్చిన చుట్టాలు నా భుజం తట్టారు. నేను కాదనలేదు, భోజనాల వేళ కదా. దూకింది, కాల్చింది, గోతిలో పడి లేచింది అంతా ఆవిడే. నేను నిజంగా చేసిన పని ఒక్కటే. ఆవిడ పద అనగానే కుడివైపు బాణం నొక్కి పట్టుకున్నాను. ఎర్రబడిన ఆకాశం కింద సైనికుడు పరుగందుకున్నాడు. అత్తయ్య బొటనవేలు దూకే బటన్ మీద ఆని ఉంది, ఇంకా నొక్కలేదు, రాబోయే గోతికోసం చూస్తోంది.