పందిరి దాటిన మాట

మొన్న ఐతారం పొద్దుగాల మా మేనత్త కాలం చేసింది. శ్రీరాంపూర్ల కొడుకు ఇంట్ల, ముసలితనంతోనే పోయింది. కబురు తెలువంగనే భీవండిల బట్ట నేసే సాంచలు నడిపే మా చిన్న తమ్మునికి ఫోన్ చేసిన.

"అత్త పోయిందిరా."

సాంచల చప్పుడు కానికి దూరం జరిగిండు.

"నేను రానన్నా. నా పేరు మీద పిడికెడు మన్ను నువ్వే వెయ్యి" అన్నడు.

వేసిన. వాడెందుకు రాలేదో చెప్పాలె. నలుగుట్ల మాట్లాడుడు నాకు రాదు, అందుకే రాస్తున్న.

చెన్నూరు అవతల గోదారి ఒడ్డున ఏటా జాతర అయితది. రెండు దినాలు డప్పులు ఆగయి. వాటి ముందట చిందులేసి ఎగిరేటోళ్లు తాగకుండ ఎగరరు. అప్పట్ల చెట్టు కల్లు సాలక దుకాణాలోళ్లు నీళ్లల్ల నిద్రమందు పొడి కలిపి అమ్ముతుండిరి. మందు కల్లు అనేటోళ్లం. దాని మీద గంజాయి పీలిస్తే మనిషి నిలవడ్డకాడనే కూలేటోడు.

మేనత్త కల్లు ముట్టేది కాదు. అయినా జాతర్ల తాటాకు పందిరి వేపిచ్చేది. కుండల నీళ్లు, ఉప్పు, చక్కెర, నిమ్మకాయలు, జొన్న గట్క. ఎగురవోయేటోళ్లను రెక్క వట్టి ఆపి గట్క తినిపిచ్చేది.

"నువ్వే తిండి వెట్టి తాగుడుకు తోలుతున్నవ్ గదవ్వా" అని పూజారి నవ్విండు ఒకసారి.

"తాగకుమంటే ఇంటరా? బుక్కెడు తిని తాగుమంటే ఇంటరు. నువ్వు సుత తిని పో అయ్యగారూ, నీ కాళ్లు గూడ నిలుస్తలేవు."

కూలినోణ్ణి మోసుకొస్తే ఎల్లెలకల పండవెట్టనిచ్చేది కాదు. "పక్కకు, పక్కకు తిప్పున్రి! వాంతి గొంతుల వడ్తది" అని ఒర్రేది. తడి చెయ్యితోని చెంపలు తట్టుకుంట మెల్లగ అడిగేది.

"ఏం తాగినవ్ బిడ్డా? ఎక్కడ తాగినవ్? ఈడ చెప్పిన మాట పందిరి దాటది."

శానేండ్లు దాటలే. అందుకే పెద్దింటి పోరగాండ్లు సుత ఆమెకు నిజం చెప్పేటోళ్లు. ఏ దుకాణం కల్లు ఖరాబున్నదో తెలిస్తే, ఎవ్వని పేరు తియ్యకుంట "గా దిక్కు పోకున్రి" అనేది. ఎందరో బతికి ఇంటికి పోయిండ్రు.

తమ్మునికి పిల్లను ఖాయం చేసిన ఏడు వాడు సుత కూలిండు. నేనే ఎత్తుకొచ్చిన. వాడు నోరు తెరువడు.

"బాపుకు తెలుస్తదన్నా."

"తెల్వది. అత్త ఎవ్వలకు చెప్పది. నా మాట ఇను."

చెప్పిండు. మందు కల్లు, మీదికెల్లి గంజాయి. నిద్రవోతే మళ్ల లేవడని ఆమె వాణ్ణి పండనియ్యలే. నేనొక రెక్క, ఆమె ఒక రెక్క వట్టి పొద్దుగూకేదాక నడిపిచ్చినం. "నీ పెండ్లిల ఎవ్వడు ఎగురాలెరా అల్లుడా, కండ్లు తెరువు" అని తిట్టుకుంట, నవ్విచ్చుకుంట. వాని పానం నిలవెట్టింది ఆమెనే. నేనది ఎన్నడు కాదనలే.

గప్పుడే బాపు వచ్చిండు. ఎంబడి పిల్ల తండ్రి ఉన్నడు.

"ఎండదెబ్బ తాకింది బాపూ" అన్న నేను.

బాపు నా దిక్కు చూడలే. చెల్లెలి దిక్కు చూసిండు. "నా మీద ఒట్టు చెల్లె. ఏం తాగిండు వీడు?"

ఆమె తల వంచుకున్నది. "మందు కల్లు. గంజాయి సుత" అన్నది.

పిల్ల తండ్రి సంబంధం వద్దని తిరిగి పోయిండు. బాపు డప్పు పుల్ల గుంజుకొని జాతరంత చూడంగ తమ్ముణ్ణి కొట్టిండు. వాడు దెబ్బలకు ఏడ్వలే. నన్నే చూసుకుంట, "తెల్వదంటివి గదనే అన్నా" అన్నడు. గా వారంలనే భీవండి బస్సెక్కిండు. ఆమె దాటిచ్చింది తన మాటనొక్కటే కాదు, నా మాటను సుత.

మరుసటేడు పందిర్లకు ఒక డప్పు కొట్టే పడుచోణ్ణి తెచ్చిండ్రు. మేనత్త అడిగింది. వాని దోస్తులు ఒగల మొఖం ఒగలు చూసుకున్నరు.

"ఏం లేదత్తా, చాయ్ తాగిండు" అన్నడొకడు. మిగిలినోళ్లు నవ్విండ్రు.

"పానం మీది మాటరా. చెప్పున్రి."

"చెప్తే మా బాపులకు చెప్పవా?"

ఏం తాగిండో తెల్వక ఎండదెబ్బోళ్లకు చేసినట్టే చేసింది. నీడకు పండవెట్టి, తల తడిపి, నిద్రపోనిచ్చింది. వాడు మళ్ల లేవలే.

అంతా పోయినంక నా దిక్కు తిరిగి, "తోడవుట్టినోడు ఒట్టేసుకుంటే అబద్ధమాడ రాలేదురా అల్లుడా" అన్నది. ఆమె మీద నా కడుపుమంట ఇయ్యాల్టికి సల్లారలే. మంచిదని ఊరంత అంటుంటే ఇంకా మండుతది.

అయినా గా పై ఏడు చూసింది రాయకుంటే నాకు నిద్ర వట్టది.

గా ఏడు పందిరి వేసింది గని ఎవ్వలను ఏమడగలే. జాతర ఇంకా నిండకముందే ఏటి అంచు దుకాణానికి పోయి ఒక తాటాకు రేకెడు కల్లు తాగింది. చానాసేపు కూసున్నది, ఏం కాలే. లేచి బండకాడి దుకాణానికి పోయి ఆడ సుత తాగింది. వచ్చేటప్పుడు నడక తేడా ఉండె. ఎవ్వల చెయ్యి వట్టలే. చాప మీద తనంతట తనే పక్కకు తిరిగి పండుకున్నది. డప్పుల ముందటోళ్లు ఏందో అని వచ్చి వంగిండ్రు.

"ఏటి అంచుది మంచిగున్నది. బండకాడ తాగకున్రి" అన్నది. నాలిక మొద్దువడి మాట ముద్దగ వస్తున్నది. మళ్ల అదే చెప్పింది, ఇంకా గట్టిగ.

ఎగిరేటోడొకడు బండకాడ తెచ్చుకున్న తాటాకు రేకను చూసుకున్నడు. కల్లంత కింద ఒంపిండు. ఇసుక మీద తెల్లటి నురుగు జరసేపు నిలిచి, మెల్లగ ఇంకిపోయింది.