చీకటి తెర మీద ఒక మాట

ఆ కన్నడ సినిమా వస్తోందన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు సినిమా హాల్లో పనిచేసే అప్పన్న. రంగూన్‌లోని చౌక్తడా పేటలో మా ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి, "అప్పా, కన్నడం బొమ్మొకటి మా హాలుకి వస్తందట. నువ్వు తప్ప దిక్కులేదని మా ఓనరమ్మ అంటంది," అన్నాడు. వరసకు నాకేమీ కాడు. అహ్లోన్ పేటలో మా తెలుగువాళ్ళందరూ పెద్దదాన్ని అప్పా, అంటే అక్కా, అంటారు, చిన్నవాణ్ణి తమ్ముడూ అంటారు. అంతే.

అది నా ఉద్యోగంలో ఆఖరి ఏడాది, చలికాలం. సబ్‌టైటిళ్ళ ఆఫీసులో నాది తనిఖీ పని. ఇండియా సినిమాల్లోని మాటల్ని కుర్రవాళ్ళు బర్మీస్‌లో రాస్తే, సరిచూసి ఆఖరి సంతకం నేను పెట్టాలి. కన్నడం వస్తే మాత్రం రాయడమూ నేనే, తనిఖీ కూడా నేనే. ఆ భాష అక్కడ ఇంకెవరికీ రాదు. నేను బడికి వెళ్ళినదాన్ని కాను. తెలుగు మా అమ్మ నేర్పింది, బర్మీస్ నాన్న నేర్పాడు. కన్నడం, బోటాటౌంగ్‌లో మా పైవాటాలో ఉండే శారదమ్మగారు మధ్యాహ్నాలు బియ్యం ఏరుకుంటూ నేర్పారు. ఆ ముగ్గురూ పెట్టిన అన్నమే నేను ఉద్యోగమంతా తిన్నాను.

సినిమా సంగతి చెప్పాలి. అంతకుముందు అది నాటకం. కర్ణాటకలో చాలా ఊళ్ళలో ఆడిందట. కథంతా ఒక ఇంటి ముందుగదిలోనే జరుగుతుంది. ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇంటికి ఒక కొత్త మనిషి అద్దెకు గది చూడాలని వస్తాడు. ఇద్దరిలో ఒకరు ఇదివరకే ఒక ప్రాణం తీసినవారు. ఎవరన్నది చివరిదాకా తెలియదు. మధ్యలో ఆవిడ "కూర్చోండి, కాఫీ తెస్తాను," అంటుంది. వెంటనే తెర మొత్తం నల్లబడిపోతుంది. నాటకంలో రంగస్థలం దీపాలన్నీ ఆర్పేసేవారు కదా, దర్శకుడు దాన్ని సినిమాలోనూ అలాగే ఉంచాడు. ఆ చీకట్లో ఎవరూ మాట్లాడరు. కాసేపు అసలు శబ్దమే ఉండదు. తర్వాత సాసరు మీద కప్పు వణికే చప్పుడు, కుర్చీ కదిలిన చప్పుడు. వెలుగు వచ్చేసరికి గదిలో ఒక్కరే ఉంటారు.

మా పనికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. మనిషి నోరు తెరవకముందు అక్షరం తెర మీదికి ఎక్కకూడదు. షాటు మారేలోపు దిగిపోవాలి, లేకపోతే చూసేవాడి కన్ను తడబడుతుంది. సినిమాలో లేని మాట ఒక్కటి కూడా మనం చేర్చకూడదు. వీటి ప్రకారమే రాసి, సంతకం పెట్టి పంపాను.

ఇప్పుడు అప్పన్న పని. హాలు వెనక రేకుల గదిలో జనరేటర్ ఉంటుంది. దాని పక్క గోడకు చేంజోవర్, అంటే వీధి కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే పెద్ద హ్యాండిల్. అప్పన్న ఉద్యోగం ఆ హ్యాండిల్ దగ్గరే. రేకుల గదిని ఆనుకుని ఇంకో చిన్న గదిలో తల్లితో కాపురం. ఉద్యోగం ఉంటేనే ఆ గది. రంగూన్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో చెప్పలేం. అంతకన్నా చెడ్డది, సగం పోవడం. గోడ మీద బల్బు మినుకుమినుకుమంటూనే ఉంటుంది, ప్రొజెక్టర్ మాత్రం ఆగిపోతుంది. అందుకని ఆ హాల్లో ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. కరెంటు పోగానే జనం "మీ ప్యెట్!" అని అరుస్తారు, కరెంటు పోయిందని. గోడ పైనున్న గవాక్షంలోంచి ఆ అరుపు వినబడగానే బల్బు వంక చూడకుండా హ్యాండిల్ వెయ్యాలి. అంతకుముందు ఒకసారి అప్పన్న బల్బు వెలుగుతోంది కదా అని ఆగాడట. ఆట ఆగింది, జనం గొడవ చేశారు. ఓనరు డౌ మ్యా (డౌ అంటే బర్మీస్‌లో ఆడవాళ్ళకు మన "గారు" లాంటిది), "మళ్ళీ నీవల్ల ఆట ఆగితే గది ఖాళీ చెయ్యి," అని అప్పుడే చెప్పేసింది.

ట్రయల్ ఆట పగటిపూట వేశారు. అహ్లోన్ నుంచీ బోటాటౌంగ్ నుంచీ మా తెలుగు కుటుంబాలను, చుట్టుపక్కల బర్మా వాళ్ళను పిలిచారు. బెంగళూరు నుంచి సినిమా వాళ్ళ ప్రతినిధి ప్రకాశ్ అనే అబ్బాయి వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. పెద్దావిడ కాఫీ తెస్తానంది. తెర నల్లబడింది.

హాలంతా ఒక్క గొంతుతో "మీ ప్యెట్!" అంది.

ఫోన్ల దీపాలు వెలిగాయి. తలుపుల దగ్గరివాడు అలవాటుగా తలుపులు బార్లా తెరిచాడు. నా వెనక వరసలో ఒక ముసలాయన, "నాన్సెప్పలేదేటి, ఈ హాల్లో బొమ్మ పూర్తిగా సూసినోడు లేడని," అన్నాడు. ఇంకొకాయన "పదండి, టీ తాగొద్దాం," అన్నాడు. వెనకాల అప్పన్నకు అరుపు వినబడింది, హ్యాండిల్ వేశాడు. అప్పటిదాకా చక్కగా నడుస్తున్న ప్రొజెక్టర్ ఆ దెబ్బకు నిజంగానే ఆగిపోయింది. మళ్ళీ మొదలయ్యేసరికి సగం మంది టీ కొట్టు దగ్గర ఉన్నారు.

ప్రకాశ్ ముఖం పాలిపోయింది. డౌ మ్యా నేరుగా రేకుల గదికి నడిచింది. నేనూ వెళ్ళాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు, ఆ హాలును భర్త పోయాక ఒక్కతే నెట్టుకొస్తోంది. కానీ కోపంలో ఉంది. రేపటి ఆటలో కూడా ఇలా అయితే ఎల్లుండి గది ఖాళీ చెయ్యమంది. ఆవిడ వెళ్ళాక అప్పన్న నా వైపు తిరిగాడు.

"మరి నన్నేటి సెయ్యమంతావప్పా? అరుపు ఇనిపించి ఏస్తే ఇయ్యాల తప్పు. ఎయ్యనందుకు ఆ రోజూ తప్పే. లోపల బొమ్మ నల్లగుందో కరెంటే పోయిందో గోడకీవలున్నోడికి ఎలా తెలుస్తాది?"

లోపలి గదిలోంచి వాళ్ళమ్మ, "పోనీరా, గిన్నెలు సర్దుతానుండు," అంది. విసుగ్గా కాదు, మామూలుగానే అంది.

ఆ సాయంత్రం డౌ మ్యా, ప్రకాశ్, నేను మా ఆఫీసులో కూర్చున్నాం. తలుపు దగ్గర బోర్డు పెడదామన్నాడు ప్రకాశ్. మా హాల్లో బోర్డు చదివేవాడు ఎవడంది డౌ మ్యా. ముందుగా మైకులో చెబుదామంది ఆవిడ. చీకటి వస్తుందని ముందే చెబితే ఇక భయం ఏముంటుందన్నాడు ఇతను. పోనీ నల్ల తెర మీద "కరెంటు పోలేదు" అని బర్మీస్‌లో రాసెయ్యి, డౌ లక్ష్మీ, అని ఆవిడ నన్నడిగింది. ప్రకాశ్ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. సినిమాలో లేని మాట మనది కాదు.

ఇంటికి వెళ్ళి దీపం పెట్టి, దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఏమీ తోచలేదు. ఆ మనిషికి నీడ పోకుండా చూడు తండ్రీ అని మాత్రం అడిగి పడుకున్నాను.

పొద్దున్నే ఆఫీసులో ఆ ఘట్టాన్ని శబ్దం తీసేసి చూశాను. తనిఖీలో అది నా పాత అలవాటు. శబ్దం లేకపోతే అక్షరాల నడక బాగా తెలుస్తుంది. "కూర్చోండి, కాఫీ తెస్తాను" అన్న అక్షరాలు షాటు మారేలోపు, కట్టుబాటు ప్రకారం, దిగిపోయాయి. ఆ తర్వాత నలుపు. ఆ నలుపులో ప్రొజెక్టర్ పని చేస్తోందని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. అక్షరాలే గనక అక్కడ ఉంటే? తెర మీద అక్షరం వెలుగుతూ ఉండగా కరెంటు పోయిందని ఎవరంటారు?

కొత్త మాట చేర్చనక్కరలేదు. ఉన్న మాటనే చీకట్లోకి లాగి, కప్పు చప్పుడు వినబడేదాకా నిలిపితే చాలు. ఆ చప్పుడు మొదలైతే జనం కథలో పడిపోతారు, అప్పుడు దింపెయ్యొచ్చు. షాటు మారేచోట దింపాలన్న కట్టుబాటు మాత్రం తప్పుతుంది. దానికి ఆఖరి సంతకం నాదే కాబట్టి జవాబుదారీ కూడా నాదే.

ప్రకాశ్ తటపటాయించి దర్శకుడికి ఫోన్ చేశాడు. ఆయన నాటకం రోజుల్లో దీపాలు చూసుకున్నవాడట. ఏ మాట నిలుపుతారని నన్నే అడిగాడు, చెప్పాను. తర్వాత, దీపాలు ఆర్పేశాక కూడా ఆ మాట జనం చెవుల్లో అలాగే ఉండేదమ్మా, అలాగే కానివ్వండి అన్నాడు. ఆయన చల్లగా ఉండాలి.

ఆ రోజు ఆటకు నేను హాల్లో కూర్చోలేదు. రేకుల గదిలో అప్పన్న పక్కన నిలబడ్డాను. హ్యాండిల్ మీద అతని చెయ్యి ఉంది. గవాక్షంలోంచి పెద్దావిడ గొంతు వినిపించింది, కాఫీ తెస్తానంటూ. తర్వాత ఏమీ లేదు. అప్పన్న నా ముఖంలోకి చూశాడు. నేను విష్ణునామం అనుకుంటున్నాను.

లోపల ఒక పిల్ల గొంతు, "అమ్మా, కరెంటు..." అంది.

"ఉష్. అచ్చరాలు కనపడతన్నాయి కదే. ఆ కాఫీ నాకేటో బాగునేదు, సూడు," అంది తల్లి.

కప్పు చప్పుడు మొదలైంది. హాలు ఊపిరి బిగబట్టింది. అప్పన్న హ్యాండిల్ మీది చెయ్యి తీసి లుంగీకి తుడుచుకున్నాడు.

ఇంటర్వెల్ అయిన కాసేపటికి నిజంగానే కరెంటు పోయింది. అరుపు వచ్చింది. అప్పన్న క్షణం ఆలస్యం చేయకుండా హ్యాండిల్ వేశాడు. ఆట అయ్యాక డౌ మ్యా రేకుల గదికి రెండు గ్లాసుల టీ పంపింది. అప్పన్న వాళ్ళమ్మ సర్దిన గిన్నెలు మళ్ళీ గూట్లో పెట్టుకుంది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఒకటే. కట్టుబాటును నేర్చుకునేటప్పుడు అది ఎవరి కోసం పుట్టిందో కూడా నేర్చుకోండి. షాటు మారేచోట అక్షరం దింపమన్నది చూసేవాడి కన్ను తడబడకూడదనే. ఆ హాల్లో అక్షరం దింపితేనే కన్ను తడబడింది. మనం రాసేది ఎక్కడో ఉన్న తెర కోసం కాదు, ఫలానా హాల్లో ఫలానా అలవాట్లతో కూర్చున్న మనుషుల కోసం.

ఆ రోజు టీ తాగుతూ, చివరికి చంపింది ఎవరని అప్పన్న నన్నడిగాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆ హాల్లో ఇన్నేళ్ళున్నా అతను ఒక్క బొమ్మ కూడా చూడలేదని. అన్నీ గోడ ఇవతల నుంచి విన్నవే. మీరు ఎప్పుడైనా ఏ హాల్లోనైనా ఒక సినిమాను ఆగకుండా చివరిదాకా చూసి లేచినప్పుడు, గోడ వెనకాల హ్యాండిల్ దగ్గర నిలబడ్డ మా అప్పన్నను ఒక్కసారి తలుచుకోండి.