గంజి కేంద్రం దగ్గర తీసిన ఫొటో

మా బావ పోయాడని నాకు చెప్పింది మా ఊరి బస్సు కండక్టరు. కడపలో బస్సెక్కి కూర్చున్నాను. టికెట్టు చింపి చేతికిస్తూ, "ఏమప్పా, కర్నూల్లో మీ బావ పోయినాడంట గదా, నువ్వింకా ఈడే తిరుగుతాండావా?" అన్నాడు. నిజం చెప్తున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆరేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. నాకు ఇవ్వాల్సినది ఇవ్వకుండానే తప్పించుకుపోయాడని అనిపించింది. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. ఆ మర్యాద నాకు చేతకాదు. చదివేవాళ్లు నన్ను తిట్టుకున్నా సరే, ఆయన నాకు తెలిసినంత వరకు ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆయన మా అక్క మొగుడు. కర్నూలులో సర్వే ఆఫీసు గుమాస్తా. ఊరు మారిపోతున్న ఒక డాక్టరు దగ్గర మడత కెమెరా ఒకటి సంపాదించాడు. అప్పటి నుంచి ఆదివారం వస్తే మనిషి మనిషి కాడు. స్నానాలగది కిటికీకి కంబళ్లు కట్టి, లాంతరుకు ఎర్రగుడ్డ చుట్టి, తొట్లలో ఫొటోలు కడిగే మందులు కలిపి లోపల గడియ పెట్టుకునేవాడు. మా అక్కకు నీళ్లు పోసుకోవడానికి చోటుండేది కాదు. "నాకొక ఫొటో తీయరాదా?" అని ఆమె ఎన్నిసార్లు అడిగిందో. "నువ్వు ఇంట్లో ఉండే మనిషివే గదా, ఎప్పుడైనా తీయొచ్చులే" అనేవాడు. రీలుకు ఎనిమిదే బొమ్మలు. ఆ ఎనిమిదింటిలో ఒక్కటి కూడా పెళ్లానికి రాలేదు. ఇవాళ ఆ ఇంట్లో మా అక్క ఫొటో లేదు.

ఊర్లు తిరిగేటప్పుడు నన్ను వెంట తీసుకుపోయేవాడు. వానలు లేక చేను బీడు పడి నేను ఊరికే ఉండేవాణ్ని కాబట్టి పోయేవాణ్ని. గండికోటలో మిట్టమధ్యాహ్నం నన్ను లోయ అంచున బండమీద నిలబెట్టాడు. కాళ్లు బొబ్బలెక్కుతున్నాయి బావా అంటే, "మనిషి లేకుంటే లోయ ఎంత లోతో తెలీదు అబ్బోడా, ఇంకొంచేపు ఓర్చుకో" అన్నాడు. తీరా ఫొటో వచ్చాక చూస్తే నేను చీమంత ఉన్నాను. బనగానపల్లెలో మామిడితోటకు పోయి, కాయలన్నీ వదిలేసి కావలివాడి నులకమంచాన్ని ఫొటో తీశాడు. వీళ్లెవరో దొంగలని ఆ కావలివాడు కర్ర తీసుకొని మమ్మల్ని కాలవ దాకా తరిమాడు. నా చెప్పు ఒకటి ఆ తోటలోనే ఉండిపోయింది. ఆయన మాత్రం కెమెరాను కడుపుకు హత్తుకొని పరుగెత్తుతూ నవ్వుతున్నాడు.

అహోబిలంలో ఒక ముసలామె మోకాలి మీద చెయ్యి పెట్టుకొని మెట్టెక్కుతుంటే తీశాడు. గుడికొచ్చి దేవుణ్ని చూడకుండా ఆడవాళ్ల కాళ్లు చూస్తావేమయ్యా అని జనం మీదికొచ్చారు. "దేవుని పటం అంగట్లో దొరుకుతాది. ఈ మోకాలు యాడ దొరుకుతాది?" అన్నాడు. దెబ్బలు తినకుండా నేనే పక్కకు లాగాను. ఆ ఫొటో బాగుంది. ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటున్నాను. ఆ మోకాలు చూస్తే మన మోకాలు నొస్తుంది. నడినెత్తి ఎండలో ముఖాలు తీయకూడదని, అప్పుడు మనుషులకు కళ్లు ఉండవు, గుంటలే ఉంటాయని నాకు నేర్పింది కూడా ఆయనే.

కరువు వచ్చిన ఏడాది మా ఇంట్లో ఏమీ మిగల్లేదు. మా నాయన అంతకు ముందే పోయాడు. ఎద్దుల్ని సంతకు తోలేశాం. పేరుకు భూమి ఉన్నవాళ్లం. కూలికి పోవడానికి నామోషీ, చెయ్యి చాపడానికి ఇంకా నామోషీ. అయినా మధ్యాహ్నానికి నా ముందు గంజి ఉండేది. అమ్మ పక్క ఊర్లో చుట్టాల ఇంటికి పోయి తెస్తున్నానని చెప్పేది. నేను తాగేవాణ్ని. ఆ ఊర్లో దాతలు పెట్టించిన గంజి కేంద్రం ఉందని నాకు తెలుసు. దాన్నీ దీన్నీ కలిపి ఆలోచించలేదు.

మా వైపు అత్త అల్లుడి ఎదుట పడదు. మాటాడినా తలుపు చాటునుంచే. పెళ్లయిన పదేళ్లలో మా బావ మా అమ్మ ముఖం సరిగా చూసి ఎరగడు. ఆ కరువులో ఒక ఆదివారం ఆయన కెమెరా తీసుకొని ఆ గంజి కేంద్రానికే పోయాడు. వరుసలో ముఖం నిండా కొంగు కప్పుకొని, ఇత్తడి తపేలా పట్టుకొని నిలబడిన ఒకామెను నాలుగడుగుల దూరం నుంచి తీసుకున్నాడు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు.

కొన్నాళ్లకు కర్నూలు గ్రంథాలయంలో ఫొటోలు ప్రదర్శనకు పెట్టారు. "రా అబ్బోడా, నేను తీసినవాట్లో ఇదే మేలైనది" అని నన్ను చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడు. గోడ మీద వాకిలి తలుపంత పెద్ద బొమ్మ. కొంగు, చేతులు, తపేలా. తపేలా పక్కన చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. పెళ్లి సామాన్ల మీద పేరు కొట్టించడం అందరి ఇళ్లలో ఉన్నదే. నా పక్కన నిలబడిన, మా కుటుంబాన్ని ఎరిగిన పెద్దాయన ఒకరు వంగి గట్టిగా చదివాడు. మా నాయన పేరు, మా ఊరి పేరు. మా అమ్మ జన్మలో నోటితో పలకని పేరు.

"ఏమప్పా, ఇది మీ నాయన పేరు గదా?" అన్నాడు ఆ పెద్దాయన.

నేను గోడ మీది బొమ్మను చించేశాను. బావ ముఖంలో నెత్తురు లేదు. "తెలీక తీసినా రా" అన్నాడు.

"తెలిసింటే తీసుండవా?"

ఆయన జవాబు చెప్పలేదు. దానికే నేను ఆయన్ని క్షమించలేదు. నెగటివు ఇచ్చెయ్యమన్నాను. "బొమ్మ చించినావు, సరే. నెగటివు ఇయ్యను. కరువు అబద్ధం కాదు" అన్నాడు. కరువును చూపించడానికి మా అమ్మే దొరికిందా అని నలుగురిలో నానా మాటలూ అన్నాను. ఊరంతా తెలిసిపోయింది. మా అమ్మ మళ్లీ వీధి వాకిట్లో కూర్చోలేదు. కూతురి గడప తొక్కలేదు. నేను బావ పలకరించినా ముఖం తిప్పుకునేవాణ్ని. తరవాత్తరవాత ఆయన ఎవరినైనా సరే, "అమ్మా, తీయమంటావా?" అని అడగనిదే కెమెరా పైకెత్తలేదని అక్క చెప్పింది. మంచిదే. ఆ పాఠం మా అమ్మ పరువు పెట్టి నేర్చుకున్నాడు.

పదోరోజు అయ్యాక ఆయన ట్రంకుపెట్టె నేనే తెరిచాను. ఇప్పుడెవరు అడ్డం చెప్తారని. నెగటివులన్నీ కాగితం కవర్లలో పెట్టి, ఒక్కోదాని మీద ఊరు పేరు రాసి ఉంది. ఒక కవరు మీద మాత్రం ఊరు పేరు లేదు. "అడగకుండా తీసినది" అని ఉంది. అది చదివి నా మనసు కరిగిందనుకునేరు. కరగలేదు. అగ్గిపెట్టె తీశాను.

బావ చావుకని ఆరేళ్ల తరవాత ఆ గడప తొక్కిన మా అమ్మ, అక్క పక్కనే కూర్చొని ఉంది. "ఏందిరా అది?" అంది.

చెప్పాను.

"ఈడికి తే."

కళ్లు ఆనని మనిషి, కిటికీ వైపు పట్టుకొని చాలాసేపు చూసింది. "ఆ పొద్దు అల్లుణ్ని నేను చూసినా" అంది. "నాలుగడుగుల్లో ఉన్న్యాడు."

"మరి పక్కకు జరగరాదా అమ్మా! ఒక్క అడుగు జరిగుంటే ఇదంతా ఉండేది కాదు గదా!"

"అప్పుడే గరిటె వంచినారు రా. జరిగితే గంజి నేలపాలయితాది." ఆమె నన్ను చూడలేదు. "నేను తాగేది కాదు అది. నీది. నువ్వు ఇంటికాడ ఎదురు చూస్తాంటివి. ఒక్క పొద్దైనా యాడిదమ్మా ఈ గంజి అని అడిగితివా?"

అక్క తల వంచుకుంది. అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాను. బావ మీద కోపం పోయిందని రాయలేను, పోలేదు. ఆరేళ్లు ఆయన్ని తిట్టడంలో నా తప్పును నేను మరిచిపోయానని మాత్రం తెలిసింది.

అమ్మ చేతిలోంచి నెగటివు తీసుకొని నేనూ కిటికీకి ఎత్తి చూశాను. అందులో తెల్లనివన్నీ నల్లగా ఉంటాయి. గరిటె నుంచి నల్లటి ధార ఒకటి కిందికి జారుతోంది. ఇంకా తపేలాలో పడలేదు. దాని కింద మా అమ్మ రెండు చేతులూ కదలకుండా ఉన్నాయి.