ఎడమ చెవికి వినిపించిన పాఠం

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. కువైట్‌లోని మంగఫ్‌లో మా గదిలో ఉండే నలుగురూ శుక్రవారం బిర్యానీ తిన్నాక ఆ కథలే మొదలుపెడతారు. నేను పోలీసువాడిలా ఆరాలు తీసి కథ చెడగొడతానని నన్ను పిలవడమే మానేశారు. ఇప్పుడు నేనే ఒకటి రాస్తున్నాను. వాళ్ళ కంటపడితే నన్ను బతకనివ్వరు.

నాది రాజంపేట దగ్గర పల్లె. ఇక్కడ ఒక ఇండియన్ స్కూల్లో ఆరేళ్ళుగా సంగీతం చెబుతున్నాను. స్కూలు పేరు రాయను. సంగీతం మాస్టారంటే కచేరీలేమీ ఉండవు. పొద్దున ప్రార్థనకు కీబోర్డు వాయించాలి, రెండు దేశాల జాతీయగీతాలూ పాడించాలి, వార్షికోత్సవానికి నలభైమందిని ఒకే శ్రుతిలో నిలబెట్టబోయి నా గొంతు పోగొట్టుకోవాలి. బడి విడిచాక పెద్దపిల్లలు పదిమందికి సరళీ స్వరాలు చెబుతాను. కేజీ పిల్లలకు చప్పట్లు కొట్టుకుంటూ పాడే పాటలే తప్ప స్వరాలు చెప్పను.

తొమ్మిదేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చి నా ఎడమ చెవి పోయింది. కొంచెం మందగించడం కాదు, పూర్తిగా పోయింది. ఒంటి చెవివాడికి శ్రుతి తెలుస్తుంది, తాళం తెలుస్తుంది. శబ్దం ఏ పక్కనుంచి వచ్చిందో మాత్రం తెలియదు. ఎవరు పిలిచినా నేను తప్పు వైపే తిరుగుతాను. ఏడో తరగతి వెధవలకు అదొక ఆట.

ఈ సంగతి స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. సంగీతం మాస్టారుకు చెవుడని తెలిస్తే ఉద్యోగం ఉంటుందా? ఉద్యోగం లేకపోతే ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా ఉంటుందా? నా కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నాడు. నోరు మూసుకొని కుడి చెవితో నెట్టుకొస్తున్నాను.

ఆ రోజు మే నెలాఖరు. పొద్దున తొమ్మిది దాటింది, నాకు మూడో పీరియడ్ ఖాళీ. మొదటి అంతస్తులో నా గది తలుపు వేసి ఉంది. ఏసీ మోత. వయొలిన్‌కు తీగ మారుస్తూ కూర్చున్నాను.

అప్పుడు ఒక చిన్నపిల్ల గొంతు వినిపించింది. స, రి, గ, మ దాకా వచ్చి ఆగుతోంది. మళ్ళీ స దగ్గర మొదలుపెడుతోంది. పై మెట్టు ఎక్కడానికి భయపడే పిల్లలు అలాగే చేస్తారు.

ఎవరో క్లాసు ఎగ్గొట్టి పాడుకుంటున్నారనుకున్నాను. అంతలో చేతిలోని తీగ కింద పెట్టేశాను. ఆ గొంతు ఎడమ పక్కనుంచి వస్తోందని నాకు తెలుస్తోంది. ముప్పై నాలుగేళ్ళుగా నాకు ఎడమ పక్క అన్నదే లేదు.

కుడి చెవిలో వేలు పెట్టుకున్నాను. ఏసీ మోత పోయింది, పాట పోలేదు. వేలు తీసి ఎడమ చెవి మూసుకున్నాను. పాట ఆగింది, ఏసీ మోత వచ్చింది. మూడుసార్లు అలా చేసి చూశాను. మూడుసార్లూ అంతే.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను లేచి బయటికి వెళ్ళింది ఆ పిల్ల కోసం కాదు, నా చెవి కోసం. గొంతు ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోగలిగితే నా చెవి తిరిగొచ్చినట్టేనని పిచ్చి ఆనందం. తల అటూ ఇటూ తిప్పుకుంటూ మెట్లు దిగాను. ఈ మాట మా ఆవిడకు ఎలా చెప్పాలా అని దారిపొడవునా వాక్యాలు కూడబలుక్కున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వెనక గేటు దగ్గర వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు, నేపాల్ మనిషి. పాట వినబడుతోందా అని హిందీలో అడిగితే లేదని తల అడ్డంగా ఊపాడు. గేటు అవతల ఖాళీ స్థలంలో నాలుగు స్కూలు బస్సులు ఎండలో నిలబడి ఉన్నాయి. నేను మూడో బస్సు దగ్గరికి చేరేసరికి పాట ఆగిపోయింది. గ దగ్గర, మధ్యలోనే.

అద్దంలోంచి చూస్తే సీట్లన్నీ ఖాళీ. వెనక్కి తిరిగాను కూడా. కానీ సీట్ల మధ్య దారిలో చిన్న నీళ్ళ సీసా పడి ఉంది. ఎందుకైనా మంచిదని వాచ్‌మన్‌ను కేకేసి తలుపు తీయించాను. లోపలినుంచి వేడి మొహం మీద కొట్టింది.

చివరి సీటు కింద జాహ్నవి పడి ఉంది. కేజీ టూ పిల్ల, ఐదేళ్ళు. నా క్లాసులో ఏనాడూ నోరు విప్పి పాడింది లేదు, చప్పట్లు మాత్రమే కొట్టేది. మొహం కందిపోయింది, ఒంటిమీద చెమట చుక్క లేదు, పిలిస్తే పలకలేదు. ఎత్తుకొని పరుగెత్తాను. స్కూలు నర్సు తడిగుడ్డలు కప్పుతుండగానే అంబులెన్సు వచ్చింది. ఇంకో పావుగంట గడిచి ఉంటే కష్టమయ్యేదని ఆసుపత్రిలో అన్నారట. మూడో రోజుకు లేచి కూర్చుంది.

ఆ బస్సులో పిల్లలను దింపే ఆయా ఖాదర్‌బీ, రాయచోటి మనిషి. జ్వరంతోనే డ్యూటీకి వచ్చింది. నర్సు గది బయట గోడకు ఆనుకొని కూలబడిపోయింది.

"లెక్కబెట్టినా సార్, ఒక్కొక్కరి తలకాయ ముట్టి లెక్కబెట్టినా" అంది. తల పైకెత్తి, "పాప బతుకుతాది గదా సార్?" అంది. నాకు కోపం రావాలి. రాలేదు. ఆ వారమే ఆమె ఉద్యోగం ఖలాస్ చేసి ఊరికి పంపేశారు. బస్సు లోపల చూసుకోకుండా తలుపు వేసిన డ్రైవరుకు మందలింపుతో సరిపోయింది. ఇదేం న్యాయమో.

మీకెలా తెలిసిందని ప్రిన్సిపాల్ అడిగారు. "ఏడుపు వినిపించింది" అన్నాను. అలాగే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఇంకేమని చెప్పను? తనకేమీ వినబడలేదన్నందుకు పాపం వాచ్‌మన్ తిట్లు తిన్నాడు. ఆ తిట్లు నేను విన్నాను, నోరెత్తలేదు.

బస్సు తలుపు తెరిచిన క్షణం నుంచి నా ఎడమ చెవి మళ్ళీ మామూలే. వారం తర్వాత ఫర్వానియాలో ఒక క్లినిక్‌లో పరీక్ష చేయించుకున్నాను. ఈ చెవిలో వినికిడి బొత్తిగా లేదని డాక్టరు గీత గీసి చూపించాడు.

పది రోజుల తర్వాత జాహ్నవి వాళ్ళమ్మ నా గదికి వచ్చింది. రాజోలు వాళ్ళు. దండం పెడుతుందేమో, ఎలా తప్పించుకోవాలా అనుకుంటున్నాను. ఆమె దండం పెట్టలేదు. పిల్లల బెంచీ మీద కూర్చుంది.

"ఒక్క మాట చెప్పండి మాస్టారూ. మా పిల్ల ఎంతసేపు ఏడ్చిందండి?"

నేను లేచి తలుపు దగ్గరగా వేశాను.

"ఆ రోజు దగ్గుమందు నేనే పట్టానండి. దాంతో నిద్రపోయిందేమో అనుకున్నా. ఏడుపు వినిపించిందని మీరు రాశారంట కదండి. అమ్మా అని పిలిచిందా అండి? కళ్ళు మూస్తే చాలు, ఆ ఏడుపే నాకు వినపడతందండి. పది రోజులైందండి నిద్రపోయి."

నా ఉద్యోగం కాపాడుకోవడానికి ఆడిన అబద్ధం వెళ్ళి వెళ్ళి ఈ తల్లి గుండెల మీద కూర్చుంది. ఇక దాచలేకపోయాను. గవదబిళ్ళల దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. చెవి కోసమే వెళ్ళానన్నది కూడా చెప్పాను. పిచ్చివాడనుకుంటుందని తెలుసు.

ఆమె పాట గురించి ఒక్క ముక్క అడగలేదు.

"అయితే ఏడవలేదా అండి?"

"ఏడవలేదమ్మా."

"అమ్మా అనలేదా అండి?"

"లేదమ్మా. నిద్రపోయింది."

కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని చాలాసేపు ఏడ్చింది. నేను వయొలిన్ పెట్టె తీస్తూ మూస్తూ నిలబడ్డాను.

మర్నాడు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి కాగితం మార్చి రాసిచ్చాను. వాచ్‌మన్ తప్పు లేదని, నాకు ఒక చెవి లేదని. ఆవిడ చదివి కళ్ళద్దాలు తీసి నవ్వారు. నా చెవి సంగతి ఏడో తరగతి పిల్లల వల్ల మూడేళ్ళ కిందటే స్కూలంతటికీ తెలిసిందట. ఖాదర్‌బీని వెనక్కి పిలవమంటే మాత్రం అది తన చేతుల్లో లేదన్నారు.

జాహ్నవి తిరిగి బడికి వచ్చాక అడిగాను, బస్సులో పాడావా తల్లీ అని. లేదని తల ఊపింది. స, రి, గ, మ అంటే ఏమిటో ఆ పిల్లకు ఇంకా తెలియదు. పెద్దపిల్లలు పదిమందీ ఆ టైముకు ఎవరి క్లాసుల్లో వాళ్ళున్నారు, హాజరు పట్టీలు చూసి వచ్చాను. ఆ పాడిందెవరో నాకు తెలియదు.

వాళ్ళమ్మ నా గదికి వచ్చి వెళ్ళిన మర్నాడే ఫోన్ చేసింది. "రాత్రి నిద్ర పట్టిందండి మాస్టారూ" అంది. సంతోషమమ్మా అన్నాను. ఆ రెండు గంటలూ మూసిన బస్సులో ఏం జరిగిందో నేను చూడలేదు. ఏడవలేదని అంత గట్టిగా ఎలా చెప్పానో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. ఆమె మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతాను.