మూడు నెలలు ఆగమన్నాను

2019 మే నెల, రంజాన్ ఉపవాసాల రోజులు. ప్రొద్దుటూరులో నా టైపింగ్ సెంటర్‌లో పాస్‌పోర్టు, వీసా ఫారాలు నింపడం మొదలుపెట్టి అప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది. గల్ఫ్‌కు పోయేవాళ్ళవే ఎక్కువ. వాటి మధ్య ఒక్క ఎల్‌టీవీ ఫైలు ఉండేది. ఎల్‌టీవీ అంటే లాంగ్ టర్మ్ వీసా. పాకిస్తాన్ నుంచి ఇక్కడికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు ఇక్కడే ఉండడానికి, ఎప్పటికప్పుడు పొడిగించుకునే అనుమతి.

ఆ ఫైలు ఖమరున్నీసాది. కరాచీలో పుట్టి, మేనత్త కొడుకు మహబూబ్ బాషాను చేసుకుని జమ్మలమడుగు వచ్చింది. బాషా దూదిపరుపులు కుడతాడు. పులివెందులలో కూతురి కాన్పుకు పోవాలన్నా ఆమె పోలీసు ఆఫీసుకు రాసుకోవలసి వచ్చింది. "నేను కువైట్ పోయినప్పుడు అడిగినోడు లేడప్పా. ఈమె పులివెందులకు పోతే మాత్రం నాలుగు కాపీలు" అని బాషా నవ్వించేవాడు.

ఆ రోజు నవ్వించలేదు. ఖమరున్నీసాయే మాట్లాడింది.

"అమ్మకు శానా బాగలేదన్నా. మంచం దిగలేకుండా ఉందంట. ఒక్కసారి చూసొస్తా."

పోయి తిరిగి రావాలంటే నోరి అనే అనుమతి కావాలి. ఈ మనిషి మళ్ళీ ఇండియాకు రావడానికి అభ్యంతరం లేదని మన ప్రభుత్వం ఇచ్చే కాగితం అది. అప్పటికి సరిహద్దు రైలు నడుస్తోంది. అడిగితే నోరి వచ్చేదే. కానీ నేను నా డైరీ తిరగేశాను. ఏడాది కిందట తండ్రి చనిపోతే వెళ్ళి, ఆగస్టులో తిరిగి వచ్చింది. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలంటే అంతకు ముందు పన్నెండు నెలలు దేశం దాటకూడదు. తొమ్మిది నిండాయి.

"ఇప్పుడు పోతే మళ్ళీ మొదటి నుంచి లెక్కమ్మా. మూడు నెలలు ఆగు. దరఖాస్తు పెట్టేసి పోదువు."

"మూడు నెలలు అమ్మ ఉంటాదా అన్నా?"

"ఆడ డాక్టర్లు లేరా ఏంది?" అన్నాను. తల్లి వయసెంతో కూడా అడగలేదు.

బాషా భార్య వైపు తిరిగాడు. "ఈయప్ప చెప్తే తప్పుండదు. ఇన్నేండ్లలో మన ఫారం ఒక్కటైనా వెనక్కి వచ్చిందా?"

ఆమె సరేనంది. ఆ రోజు డైరీలో 'ఖమరున్నీసాకు సరైన సలహా ఇచ్చాను' అని రాసుకున్నాను.

ఆగస్టు మొదటి వారంలో కశ్మీర్ ప్రత్యేక హోదా రద్దు ప్రకటన వచ్చింది. రోజుల వ్యవధిలోనే రైలు ఆగింది, రెండు దేశాల మధ్య వ్యాపారం ఆగింది, పాకిస్తాన్ మన రాయబారిని వెనక్కి పంపేసింది. నెలాఖరుకు పౌరసత్వ దరఖాస్తు, నోరి దరఖాస్తు రెండూ పెట్టాను. నోరి రాలేదు. ఎన్నిసార్లు అడిగినా "పైనుంచి రావాల" అనే జవాబు. అది లేకుండా దాటితే మొగుడి దగ్గరికి, పిల్లల దగ్గరికి మళ్ళీ వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

అక్టోబరులో తల్లి పోయింది. వారం తర్వాత ఖమరున్నీసా వచ్చి, నా ఎదురు కుర్చీలో కూర్చుంది.

"జనాజా ఫోన్లో చూసినా అన్నా. మధ్యలో సిగ్నల్ పోయె. మట్టేసేది చూడలే."

నన్ను ఒక్క మాట అనలేదు. నోరి దరఖాస్తు ఇక వద్దని చెప్పడానికి వచ్చానంది.

కరోనా తగ్గాక పౌరసత్వం వచ్చింది. సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇద్దరూ తెచ్చారు. బాషా మిఠాయి పొట్లం టేబుల్ మీద పెట్టాడు. ఎవరూ విప్పలేదు.

"ఇంక అమ్మ గోరీ కాడికి పోవచ్చా అన్నా?"

"ఇప్పుడు నువ్వు ఈ దేశం మనిషివమ్మా. ఆ దేశం వాళ్ళు వీసా ఇయ్యాల."

"ఇస్తాండారా?"

"లేదు."

ఆమె సర్టిఫికెట్‌ను కవర్లోకి తోసింది. "మళ్ళా మూడు నెలలు ఆగమంటావా?"

బాషా "ఊరుకో" అన్నాడు.

సెంటర్ మూసేదాకా ఆ తర్వాత ఒక పద్ధతి పాటించాను. ఫారం తీసే ముందు, అవతల ఎవరున్నారు, వయసెంత, ఎలా ఉన్నారు అని అడిగి రాసుకునేవాణ్ణి. రూల్స్ ఆ తర్వాతే చెప్పేవాణ్ణి. డైరీలో ఆ మే నెల వాక్యాన్ని కొట్టివేయలేదు. నేను చదివి చెప్పిన రూల్‌లో తప్పు లేదు. అయితే రెండు దేశాలు మూడు నెలలపాటు ఉన్నచోటే ఉంటాయని ఏ రూల్‌లోనూ లేదు. ఆ హామీ ఆమెకు నేనిచ్చాను.