కేస్ షీట్‌లో రాయని గంజి

ఎనభైల చివరి సంవత్సరాలు. కోరుట్లలో ఒక చిన్న నర్సింగ్ హోంలో నేను స్టాఫ్ నర్సును. చుట్టుపక్కల ఎక్కడ మందుపాతర పేలినా పోలీసులు బస్సులాపి, పేలుడు మందు అంటిందేమోనని మగవాళ్ల చేతులు చూసేవారు.

ఒక మధ్యాహ్నం సిరిసిల్ల బస్సులోంచి దింపిన మనిషిని, తల పగిలేలా కొట్టి, కుట్ల కోసం మా దగ్గరికి తెచ్చారు. పేరు రాజమల్లయ్య. పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు నూలుకు, పోగు తెగకుండా గంజి పట్టించే పని అతనిది. దాన్నే సైజింగ్ అంటారు. గోళ్ల సందుల్లో ఏదో తెల్లగా ఎండిపోయి ఉంది.

"మందు కలిపిన చేతులివి," అన్నాడు ఎస్సై.

"మందు కాదు సారూ, గంజి. అక్కకు పానం బాగలేదంటే చేతులు సుత కడుక్కోకుంట బస్సెక్కిన."

నాకు ఒళ్లు మండింది. టింక్చర్ అయోడిన్ తగిలితే స్టార్చ్ నల్లనీలంగా మారుతుంది. నర్సింగ్ మొదటి ఏడాది పాఠమే. దూదితో అతని వేళ్లకు రాశాను. నేరేడు పళ్లు పిసికినట్టు నల్లబడ్డాయి.

"చూడండి సార్, ఇది స్టార్చే."

మా ఆయా హాజిరా బీ అందుకుంది: "కలప్ సాబ్! మీ ఖాకీ బట్టలకు పెడ్తరు గదా, గదే!"

ఎస్సై తగ్గాడు. ఒక కానిస్టేబుల్‌ను కాపలా పెట్టి, "రేపు పొద్దున వదిలేస్తాం" అని వెళ్లిపోయాడు.

గెలిచానని మురిసిపోయాను. డాక్టరుగారికీ హుషారొచ్చింది. స్టార్చ్ అంటే బిగుసుకునేలా చేసేదట. మందుల పుస్తకంలో దానికే ఉన్న పేరు అమైలం అంటే గ్రీకులో తిరగలిలో విసరనిదట. మన గంజినే దొరలు 'కాంజీ' అని పట్టుకుపోయారట. ఇవన్నీ చెబుతూ కుట్లు వేశారు. రాజమల్లయ్య కూడా నవ్వాడు. డ్యూటీ దిగే తొందరలో కేస్ షీట్ మీద "తల గాయం, ఐదు కుట్లు" అని గీకి ఇంటికి వెళ్లాను.

ఆ సాయంత్రమే, కాపలా మారాక, మేమెవరం లేని వేళ వేరే పోలీసులొచ్చి అతన్ని జగిత్యాల వైపు తీసుకెళ్లారు. వాళ్లు చూసింది నల్లటి చేతులను. కేస్ షీట్‌లో ఆ నలుపు సంగతే లేదు.

మూడోనాడు తంగళ్ళపల్లి నుంచి అతని భార్య వచ్చింది.

"చేతులకు మందంటిందని పానం తీసిన్రక్కా. గంజి తెల్లగుంటది గదా, నల్లగెట్లయింది?"

"నేనే పూసిన చెల్లే, గంజి అని చూపెట్టనీకి."

అతని కేస్ షీట్ తీసి చదివి వినిపించాను. "మరి గా మాట కాయితం మీద రాయకపోతివి," అంది.

ఆ తర్వాత ఎవరికి ఏ చుక్క వేసినా, ఎందుకు వేశానో, ఏ రంగు వచ్చిందో రాయకుండా కుర్చీలోంచి లేవలేదు. గంజి, కలప్, స్టార్చ్, అమైలం. ఆ రోజు మా నోళ్లలో ఇన్ని మాటలున్నాయి. కాగితం మీద ఒక్కటీ లేదు.